మీ ఆఫీసు వెనక కాలవుంది, ఎప్పుడైనా ఆగి చూశారా?

మీ ప్రశ్న చదివాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ: కాకినాడ నుంచి వచ్చి చెన్నైలో, షోలింగనల్లూరులో ఉద్యోగం చేస్తున్నారు. ఏడాదిన్నర పాటు దాదాపు ప్రతి ఆదివారం బ్లాగులో ఒకటి రాశారు, డెబ్బై దాకా అయ్యాయి. నానమ్మ, వీధిబడి, కాజాలు, హాస్టలు, మొదటి జీతం, రైలు ప్రయాణాలు అన్నీ అయిపోయాయి. మూడు నెలలుగా ఒక్క వాక్యం కూడా కదలడం లేదు. "నా బతుకు రూము, ఆఫీసు, మళ్ళీ రూము. ఇందులో రాయడానికి ఏముంది? కొత్త విషయాలు ఎక్కణ్ణుంచి తేవాలి?" అన్నారు. ఏఐని అడిగితే యాభై శీర్షికలు ఇచ్చిందట, అందులో మొదటిది 'సమయపాలన ప్రాముఖ్యత' అట. అది చదివి ఆఫీసులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎనిమిదో తరగతిలో సరిగ్గా ఆ వ్యాసానికే నాకు స్టీలు గిన్నె బహుమతి వచ్చింది.

నేను పెరంబూరులో ఉంటాను. ప్యారీస్ కార్నర్ దగ్గర ఒక ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. పద్నాలుగేళ్ళుగా వారానికొకటి రాస్తున్నాను, మధ్యలో రెండుసార్లు పూర్తిగా ఆగిపోయాను. కాబట్టి ఇది ఒక ఆగిపోయిన మనిషి ఇంకో ఆగిపోయిన మనిషికి చెబుతున్న మాట అనుకోండి.

లెక్కలు చూసేదాన్ని కాబట్టి నాకు తోచేదీ లెక్కే. తమ్ముడూ, మీరు డిపాజిట్ కరిగించేశారు. పాతికేళ్ళ జ్ఞాపకాలు నిల్వ ఉన్నాయి. వారానికింత చొప్పున తీసి ఖర్చు పెట్టారు. ఆ నిల్వ కూడిన రోజుల్లో మీరు పిల్లాడు, దాని కోసం కష్టపడ్డట్టు కూడా తెలియలేదు. ఇప్పుడు పాసుపుస్తకం సున్నా చూపిస్తోంది. ఇక నెలనెలా సంపాదించుకుని నెలనెలా ఖర్చుపెట్టాలి. నాకు తెలిసిన చాలామంది సరిగ్గా ఇక్కడే రాయడం మానేశారు. జ్ఞాపకం దానంతటదే వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. రాబడి అలా రాదు, లేచి వెళ్ళాలి.

వెళ్ళడమంటే హిమాలయాలకి కాదులెండి. షోలింగనల్లూరు సిగ్నల్ దగ్గర సముద్రం వైపు తిరిగి ఈస్ట్ కోస్ట్ రోడ్డుకి పోయే దారి మీద మీరు ఎన్నిసార్లు వెళ్ళుంటారో. మధ్యలో ఒక వంతెన వస్తుంది. కింద నల్లటి నీళ్ళు. వాసనకి ఆటోలో వాళ్ళు ముక్కు మూసుకుంటారు, కార్లలో వాళ్ళు అద్దాలెత్తేస్తారు. దాని పేరు బకింగ్‌హామ్ కాలవ. మీరు కాకినాడ మనిషినని రాయకపోతే నాకు ఇది తట్టేది కాదు. ఆ కాలవ మీ ఊరి నుంచే వస్తోంది.

నిజంగానే. కాకినాడ కాలవలో పడవెక్కితే ధవళేశ్వరం, గోదావరి దాటి ఏలూరు కాలవ పట్టుకుంటే బెజవాడ, కృష్ణ దాటి కొమ్మమూరు కాలవలో దిగితే పెదగంజాం. అక్కణ్ణుంచి మొదలయ్యేదే బకింగ్‌హామ్ కాలవ. నెల్లూరు తీరం వెంబడి, పులికాట్ మీదుగా మద్రాసు ఊరి మధ్యనుంచి, మీ ఆఫీసు వెనకనుంచి మరక్కాణం దాకా పోతుంది. ఒకప్పుడు సముద్రంలోకి అడుగు పెట్టకుండానే పడవ మీద కాకినాడ నుంచి ఇక్కడికి రాగలిగేవాళ్ళు. 2008లో కేంద్రం జాతీయ జలమార్గం 4 అని ప్రకటించింది చూశారా, అందులో ఈ కాకినాడ-పుదుచ్చేరి కాలవల వరస కూడా ఉంది. మీరు రైల్లో ఒక రాత్రి పడుకుని దాటేస్తున్న దారికి పక్కనే ఇంకో దారి పాడుబడి ఉంది. అది మీ రూముకీ ఆఫీసుకీ మధ్యలోంచే పోతోంది. రూము, ఆఫీసు, రూము అన్నారు కదా, నడుమ ఉన్నదాన్ని మీరు లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు ఈ ఒక్కదాన్ని పట్టుకుని ఎంత దూరం పోవచ్చో చూద్దాం. బకింగ్‌హామ్ ఎవరు? 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరు, బకింగ్‌హామ్ డ్యూక్. ఆయన హయాంలోనే 1876-78 కరువొచ్చింది. మన పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పుకునేది అదే. 1806లో ఉత్తరం వైపు మొదలుపెట్టిన పాత కాలవ ఒకటి అప్పటికే ఉంది. ఊళ్ళో కూవం నదినీ అడయారు నదినీ కలుపుతూ సుమారు 8 కిలోమీటర్ల ముక్కని కరువు పనికొచ్చిన జనం తవ్వారు. తిండి లేక వచ్చినవాళ్ళు తవ్వింది, పేరు మాత్రం డ్యూక్‌ది. ఇది ఒక పోస్టు. ఆ పడవల్లో ఏమొచ్చేవి? బియ్యం, ఉప్పు, కట్టెలు. మద్రాసు పొయ్యిలు చాలాకాలం ఉత్తరం నుంచి పడవల్లో దిగిన కట్టెలతో మండాయి. ఇది ఇంకోటి. ఎందుకు ఆగింది? తుపానులు గట్లు కోశాయి, పూడిక పేరుకుంది, రోడ్లూ లారీలూ వచ్చాయి, ఊరి మురుగంతా అందులోకే తిరిగింది. మైలాపూరు, తిరువాన్మియూరు వైపు పోయే ఎత్తురైలు స్తంభాలు కూడా చాలామటుకు ఆ కాలవలోనే దిగాయి. రైలెక్కి కిందికి చూస్తే మీకే కనిపిస్తుంది.

వంతెన దాటాక వచ్చే ఊరి పేరేమిటో చూశారా? అక్కరై. తమిళంలో అవతలి గట్టు అని. మన కరకట్టలో ఉన్న 'కర' అందులో వినిపించడం లేదూ? బస్సు బోర్డు మీద చూసి వదిలేసిన ఆ ఒక్క మాట మీదే ఓ ఆదివారం గడిచిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పైన నేను రాసినదాన్నే సాగదీసి ఏడు పోస్టులు పెడితే ఎవరూ చదవరు. నేనూ చదవను. ఏళ్ళూ మైళ్ళూ ఎవరైనా వెతుక్కోగలరు. అవి గోడలోపలి ఇనపకడ్డీల్లాంటివి, ఉండాలి గానీ బయటికి కనిపించకూడదు. మీరు మాత్రమే తేగలిగింది ఇంకోటుంది. ఆ వంతెన మీద ఓ అరగంట నిలబడితే కనిపించేది. కాలవ గట్టు మీద ఇల్లు కట్టుకున్న పెద్దావిడ చెప్పేది. మీ తాతగారికి కాకినాడ కాలవ గురించి గుర్తున్నది. ఈ మూడింట్లో ఒక్కటైనా లేకపోతే పోస్టు మొదలుపెట్టకండి.

విషయం కోసం వెతకడం మానెయ్యండి, తెలియనిదాని కోసం వెతకండి అన్నదే నేను చెప్పదలుచుకున్నది. 'విషయం' అనుకోగానే మనకి శీర్షికలే తడతాయి: స్నేహం, నగరజీవితం, ఒంటరితనం, చెన్నైలో తెలుగువారు. వీటికి గుమ్మం ఉండదు, ఎక్కణ్ణుంచి లోపలికెళ్ళాలో తెలీదు. 'ఈ కాలవ ఎక్కణ్ణుంచి వస్తోంది' అన్నదానికి గుమ్మం ఉంది. వెళ్ళి తలుపు కొట్టొచ్చు.

నోటుపుస్తకం పెట్టుకోమని మీకు ఇప్పటికే పదిమంది చెప్పుంటారు. నేనూ చెబుతాను, కానీ అందులో ఏం రాయాలో చెబుతాను. ఇది నాకు వరదల్లో తెలిసింది.

2015లో మేము జాఫర్‌ఖాన్‌పేటలో కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. డిసెంబరు 1 రాత్రి అడయారు పొంగి నీళ్ళు లోపలికొచ్చాయి. పైవాటా వాళ్ళింట్లో మూడు రోజులున్నాం. కిందికి దిగి చూస్తే బీరువా కింది అరలో నా నోటుపుస్తకాలు ఏడూ బురదలో ఉబ్బిపోయి ఉన్నాయి. ఆ నోటుపుస్తకాలు చూశాక వచ్చిన ఏడుపు ఫ్రిజ్ పోయినందుకు కూడా రాలేదు. మేడ మీద బట్టల తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేశాను. ఇంకుపెన్నుతో రాసిన మూడూ నీలం మరకలయ్యాయి. బాల్‌పెన్నుతో రాసినవి నాలుగు మిగిలాయి. అట్టల్లా గట్టిపడ్డ ఆ పేజీలు ఒక్కొక్కటీ ఊడదీసి చదివాను. 'వాన - అమ్మ'. 'బస్సులో ముసలాయన'. 'ఉప్పు!!'. 'నమ్మకం అనే అంశం మీద'. ఏ ఉప్పు? ఏ ముసలాయన? ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు. ఆ ఆశ్చర్యార్థకాలు ఎందుకు పెట్టానో ఆ దేవుడికే తెలియాలి. వరద నా దగ్గర్నుంచి పట్టుకుపోయింది పెద్దగా ఏమీ లేదని అప్పుడర్థమైంది. ఆ పుస్తకాల్లో ముందే ఏమీ లేదు.

ఒకే ఒక్క పేజీలో ఇలా ఉంది: "కండక్టరు: చిల్లర లేదు చిల్లర లేదు అంటే నేనేం చెయ్యను, ఇంట్లో అచ్చేసి తేనా? వెనకసీటు ఆవిడ ముడి విప్పి ఐదు రూపాయల బిళ్ళ తీసి ఎవరిదో తెలియని టిక్కెట్టుకి ఇచ్చేసింది." అది చదవగానే ఆవిడ చీరచెంగు రంగు దగ్గర్నుంచి అంతా తిరిగొచ్చింది. మర్నాడే రాశాను.

అప్పట్నుంచీ నాకు ఒకటే నియమం. ఎవరు, ఎక్కడ, నోట్లోంచి వచ్చిన మాట ఉన్నదున్నట్టు. మూడూ ఉంటేనే రాసుకుంటాను. మీ ఆఫీసుండే రోడ్డు గురించి 'ఓఎంఆర్ ట్రాఫిక్' అని రాసుకుంటే దండగ. 'నావలూరు సిగ్నల్ దగ్గర హెల్మెట్ లోపలినుంచి ఎవరో పాట పాడుతున్నారు, పచ్చలైటు పడ్డా పల్లవి అయ్యేదాకా కదల్లేదు' అని రాసుకుంటే ఆరునెలల తర్వాత కూడా పనికొస్తుంది. ఫోన్లో రాసుకున్నా ఫరవాలేదు. నేను మాత్రం ఇప్పటికీ బాల్‌పెన్నే.

ఇక అడగడం. రాసేవాళ్ళలో చాలామందికి మొహమాటం. నాకూ ఉండేది. అది పోయింది మా వీధి చివరి ఇస్త్రీబండి దగ్గర.

వేపచెట్టు కింద బండి. ఆయన ఇక్కడే పుట్టాడు, వాళ్ళ నాన్నా ఇక్కడే పుట్టాడు. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు, చదివిందీ రాసేదీ తమిళం. ఎనిమిదేళ్ళుగా నా చీరలు ఇస్తున్నాను, తీసుకుంటున్నాను, "బాగుండారా అక్కా" అంటే "బాగున్నాం" అంటున్నాను. అంతే పరిచయం. ఒకరోజు చీరలకి వెళ్తే బొగ్గులపెట్టె పక్కకి నిలబెట్టి, చెయ్యి తుడుచుకుని, చొక్కాజేబులోంచి ఒక కవరు తీశాడు. "అక్కా, చిత్తూర్నించి మా మేనత్త మనవరాలి పెండ్లి పత్రిక. ఫోన్లో చెప్పినారు గానీ, దీంట్లో ఏముండాదో చదివి చెప్తావా? మాది తెలుగే, అక్షరమే రాదు."

చదివాను. నక్షత్రం, లగ్నం, సుముహూర్తం అన్న చోట ఆయన తల ఊపుతున్నాడు గానీ అర్థం కావడం లేదని తెలుస్తోంది. నిజానికి ఆ గ్రాంథికం నాకూ సగమే అర్థమైంది. చివర 'ఆహ్వానించువారు' అని పేర్ల వరస ఉంది. నాలుగో పేరు ఆయనది. దాని మీద వేలు పెట్టి చూపించాను. కళ్ళు దగ్గరికి తెచ్చి చాలాసేపు చూశాడు. "ఇదా నేను?" అన్నాడు. తర్వాత ఆ కార్డుని మడతపెట్టిన తెల్లచొక్కాల మధ్యలోకి, అంచు వంగకుండా, జాగ్రత్తగా దూర్చాడు.

'చెన్నైలో తెలుగు పరిస్థితి' అని అంతకుముందు మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఆ రోజు రాత్రి రెండు గంటల్లో ఈ కార్డు గురించి రాశాను. పరిస్థితి అన్న మాటే అందులో లేదు. చదివినవాళ్ళు మాత్రం నేను చింపేసిన మూడు వ్యాసాల్లో చెప్పాలనుకున్నవన్నీ వాళ్ళంతట వాళ్ళే చెప్పారు. మా అత్తయ్య, ఇంట్లో నా రాతలు చదవని ఏకైక వ్యక్తి, అది మాత్రం రెండుసార్లు చదివించుకుంది.

తప్పులు కూడా రాబడే. ఒకసారి టీనగర్ గురించి రాస్తూ, త్యాగరాయనగర్ అన్న పేరు త్యాగయ్యగారి మీద పెట్టారని ధీమాగా రాసేశాను. తెలుగువాళ్ళకి గర్వకారణం అని ఓ వాక్యం కూడా తగిలించాను. సైదాపేట నుంచి ఒక రిటైర్డు మాస్టారు రాశారు: "అమ్మాయ్, తెలుగువాడన్నది నిజమే, మనిషి మాత్రం వేరు." పిట్టి త్యాగరాయ చెట్టి. 1916లో బ్రాహ్మణేతరుల కోసం జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకరు. పక్కనే ఉన్న పానగల్ పార్కు పానగల్ రాజా పానగంటి రామరాయణింగారి పేరు మీద ఉంది. ఆయన 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి. ఆయనా తెలుగువారే. రెండు రోజులు తలెత్తుకోలేకపోయాను. మూడో రోజు పానగల్ పార్కుకి వెళ్ళి బెంచీ మీద కూర్చుని, పక్కన చీరల సంచులతో కూలబడ్డవాళ్ళని ఈ పార్కు పేరెవరిది అని అడగడం మొదలుపెట్టాను. ఎవరికీ తెలీదు. ఒకాయన మాత్రం "ఏదో కొట్టు ఓనరు అయ్యుంటాడు" అన్నాడు. ఆ మధ్యాహ్నం నుంచి మూడు పోస్టులొచ్చాయి. మొదటిదాని మొదటి పేరాలో నా తప్పు ఒప్పుకున్నాను. మీ డెబ్బై పోస్టుల్లోనూ ఇలాంటి తప్పు ఎక్కడో ఉండే ఉంటుంది, వెతకండి.

పాత పోస్టులు తిరగేసేటప్పుడు ఇంకోటి కూడా చూడండి. ఎక్కడ తొందరపడి దాటేశారో. 'మా నానమ్మ పడవలో పుట్టింటికి వెళ్ళేదట' లాంటి అరవాక్యం ఎక్కడైనా తగులుతుంది. రాస్తున్నప్పుడు అది దారికి అడ్డమనిపించి పక్కకి నెట్టేసి ఉంటారు. నా పోస్టుల్లో సగానికి పైగా పాతవాటిలో నేను పక్కకి నెట్టిన వాక్యాల్లోంచి పుట్టినవే.

పండగలూ వర్ధంతులూ పట్టుకుని రాయమని కొందరు సలహా ఇస్తారు. నాకు అంత నమ్మకం లేదు. ఆగస్టు 22 వచ్చిందంటే మద్రాసు దినం, 1639, అందరూ అదే రాస్తారు, అదే పాత సెంట్రల్ స్టేషను ఫొటో పెడతారు. రాయాలనే ఉంటే పక్కనుంచి రండి. డిసెంబరు 15 పొట్టి శ్రీరాములుగారు పోయిన రోజు. మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952లో కన్నుమూశారు. ఆ రోజున దండలు పడతాయి, మైకులుంటాయి. నేను ఒకసారి జూన్‌లో, ఏమీ లేని మంగళవారం, అటు వెళ్ళాను. రాయపేట హైరోడ్డు మీద బస్సులు దడదడలాడుతూ పోతున్నాయి. ఎదురుగా కొబ్బరిబోండాలమ్మే అతన్ని అడిగితే "ఆంధ్రా వాళ్ళు ఏడాదికోసారి వస్తారు" అన్నాడు. మిగతా 364 రోజులు ఆ ఇంటిముందు ఏం జరుగుతుందన్నదే నా పోస్టు.

గ్రంథాలయాలకి వెళ్ళమంటే చాలామంది వెళ్ళి, అరల మధ్య తిరిగి, ఏం తీయాలో తెలీక వచ్చేస్తారు. ప్రశ్న జేబులో పెట్టుకుని వెళ్ళాలి. ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం ఉంది, 1896 నాటిది. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరాలని 1954 చట్టం చెప్పిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. కాలవ గురించి అడుగుతూ వెళ్తే అక్కడ ఒక రోజు చాలదు. ఊరికే వెళ్తే మాత్రం ఫ్యాను కింద కునుకే.

ఒక చట్రం పెట్టుకోవడం కూడా మేలు చేస్తుంది. చందమామ గుర్తుందా? 1947 జూలై నుంచి ఈ ఊళ్ళోనే, తర్వాత వడపళనిలో, తయారైన పత్రిక. అందులో బేతాళ కథలు దశాబ్దాల తరబడి వచ్చాయి. చెట్టు అదే, శవం అదే, రాజు మౌనం అదే, మారేది మధ్యలో కథ ఒక్కటే. పిల్లలుగా మనకెప్పుడూ విసుగు రాలేదు. రాసేవాళ్ళకి దానివల్ల ఎంత సుఖమో ఆలోచించండి, మొదలూ చివరా ముందే సిద్ధం. నేను రెండేళ్ళ పాటు 'పెరంబూరులో ఒక బోర్డు' అని నడిపాను. నెలకో దుకాణం బోర్డు, దాని మీదున్న పేరు వెనక మనిషి. కాలవ మీద మీరు అలాంటిది చెయ్యొచ్చు: నెలకో వంతెన. షోలింగనల్లూరు నుంచి మొదలుపెట్టి ఉత్తరానికి. పైన చెప్పినట్టు ఇనపకడ్డీలు లోపలే ఉంచండి. చట్రం విసుగొచ్చిన రోజున నిర్దాక్షిణ్యంగా వదిలెయ్యండి. నేను బోర్డుల్ని ఆరునెలలు ఆలస్యంగా వదిలాను, చివరివి చదివితే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏఐ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా. శీర్షికలు అడక్కండి. అది ఎవరివీ కాని శీర్షికలే ఇస్తుంది. మీరు వంతెన మీదినుంచి తెచ్చుకున్న నాలుగు వాక్యాలు ఇచ్చి, చదివేవాడికి ఇంకా ఏం తెలుసుకోవాలనిపిస్తుందని అడిగితే ఒకటో రెండో మంచి ప్రశ్నలు వేస్తుంది. వాటి జవాబులు మాత్రం దాన్ని అడక్కండి, మనుషుల్ని అడగండి. నాకొకసారి ఒక గుడి గురించి అది చెప్పిన సంవత్సరం గుడి శిలాఫలకం మీదున్నదానికి వందేళ్ళు తేడా ఉంది.

ఇంకో మాట. ఖాళీ అయిపోవడం వేరు, అలిసిపోవడం వేరు. వరదల తర్వాత నేను ఐదు నెలలు ఏమీ రాయలేదు. అప్పుడు నాకు విషయాలు లేక కాదు, ఊరంతా విషయమే. రాసే ఓపిక లేదు. ఆ రోజుల్లో రోజుకొక వాక్యం, నీళ్ళలో పోయిన ఒక వస్తువు గురించి, ఎవరికీ చూపించకుండా రాసుకున్నాను. మిక్సీ చిన్నజారు. అమ్మ ఇచ్చిన పీట. కరెంటు బిల్లుల కట్ట. మే నెలలో మామూలుగా రాయడం మొదలైంది. మీరు మూడు నెలలుగా రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి తెల్లతెర ముందు కూర్చుంటున్నానన్నారు. రిలీజు పనో, నైట్ కాల్సో ఉంటే ముందు నిద్రపోండి. వారానికొకటి అన్న మొక్కు మీరు మొక్కుకున్నదే, రెండువారాలకొకటి చేసుకుంటే అడిగేవాళ్ళు లేరు.

ఓపికుంటే ఈ శనివారం పొద్దున్నే, ఎండెక్కకముందు, ఆ వంతెన మీదికి నడిచి వెళ్ళండి, బండి మీద వద్దు. ఫోను జేబులోనే ఉంచండి. నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి, అసలు పోతున్నాయో లేదో చూడండి. గట్టు మీద ఎవరైనా కనిపిస్తే వచ్చీరాని తమిళంలోనే, ఈ కాలవలో పడవలు చూశారా అని అడగండి. మీ తమిళం విని నవ్వుతారు, ఆ నవ్వు తర్వాత వాళ్ళు మాట్లాడతారు. ఆ మాటలు ఉన్నదున్నట్టు రాసుకోండి. సాయంత్రం కాకినాడకి ఫోన్ చేసి, తాతగారు పలికేట్టుంటే, ధవళేశ్వరం వైపు ఎప్పుడైనా పడవలో వెళ్ళారా, పడవని తాడు కట్టి గట్టు మీద నడుస్తూ లాగేవాళ్ళట కదా, చూశారా అని అడగండి. ఫోన్ పెట్టేశాక రాయండి. పెట్టాక ఇక్కడే చెప్పండి, చదువుతాను. పెదగంజాం దగ్గర నాకూ ఒక మేనమామ ఉన్నాడు, ఆయన్ని అడగాల్సినవి నేనూ ఇన్నాళ్ళూ అడగలేదని మీ ప్రశ్నకి జవాబు రాస్తుంటే ఇప్పుడు గుర్తొచ్చింది.